ఒక మిల్లీలీటరు పాలు

మా అమ్మాయికి నెలలు నిండకముందే కాన్పయింది. ఎనిమిదో నెలలో అడుగుపెట్టిన వారంలోనే రక్తపోటు పెరిగింది. ఇంకా ఆగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని వైద్యులు ఆపరేషన్ చేసి పాపను బయటికి తీశారు. బరువు ఒక కిలో నూట ఎనభై గ్రాములు. ఆ అంకెను డైరీలో రాసుకున్నాను గాని, దాని పక్కన ఏ మాట రాయాలో తోచక వదిలేశాను.

అది మే నెల. నాలుగైదు రోజుల తరువాత అమ్మాయిని అమీర్‌పేటలోని మా ఫ్లాటుకు పంపించారు. పాప మాత్రం పంజాగుట్టలోని ఆ ఆసుపత్రిలోనే, పసికందుల ఐసీయూలో, గాజుపెట్టెలో ఉండిపోయింది. రెండు చోట్ల మధ్య మెట్రోలో ఒకటే స్టేషను దూరం. ఖైరతాబాద్‌లోని మా ఆఫీసులో సెలవు పెట్టి, ఆ ఒక్క స్టేషను దూరాన్నే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ కొలుస్తూ గడిపాను. చేతిలో మంచుదిమ్మలు పెట్టిన చిన్న డబ్బా, అందులో మా అమ్మాయి పంపుతో తీసిన పాలు. కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లల గుంపులో డబ్బాను గుండెకు ఆనించుకుని నడిచేదాన్ని. ఇంట్లో ఉంటే ఆసుపత్రి నుంచి ఫోను వస్తుందేమోనన్న భయం. ఆసుపత్రిలో ఉంటే ఇంట్లో అమ్మాయి ఒంటరిగా ఏడుస్తుందేమోనన్న భయం. రైల్లో ఉన్న ఆ రెండు నిమిషాలూ ఏ భయం పడాలో తెలియక తలుపు దగ్గరే నిలబడేదాన్ని.

మొదటి రోజు మెట్రో తనిఖీ దగ్గర సెక్యూరిటీ అమ్మాయి డబ్బా తెరిపించింది.

"ఏమున్నదమ్మ అండ్ల?"

"పాలు."

"పాలకు గింత ఐసా? ఐస్‌క్రీం చేసి అమ్ముతున్నవా?"

"నెలలు నిండకుంట పుట్టిన పిల్లకు. తల్లి పాలు."

ఆమె మూత తనే మళ్ళీ పెట్టి, క్లిప్పు బిగించింది. "జల్ది పో అమ్మ, ఎండకు కరుగుతది," అంది. ఆ తరువాత నన్ను చూస్తే చేయి ఊపి పంపించేసేది.

పాప నోట్లోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేశారు. రెండు గంటలకొకసారి ఆ గొట్టంలో సిరంజితో ఒక మిల్లీలీటరు పాలు పోసేవారు. మా ఇంట్లో టీ చెంచాకు ఐదు మిల్లీలీటర్లు పడతాయి. అంటే చెంచాలో ఐదో వంతు. ఆ ఐదో వంతు అరిగిందో లేదో తెలుసుకోవడానికి తరువాతి సారి పాలు పోసేముందు సిరంజితో వెనక్కి లాగి చూసేవారు. మిగులు ఏమీ రాకపోతే మర్నాడు ఇంకొక మిల్లీలీటరు పెంచేవారు. ఒకటి రెండైంది, రెండు మూడైంది. ఇంత చిన్న లెక్క కోసం జీవితంలో ఎన్నడూ ఇంతగా ఎదురుచూడలేదు.

పాపను చూసే డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. తీరిక దొరికితే విడమరిచి చెప్పేది. పాల గురించి ఇంత పట్టుదల ఎందుకని ఒకరోజు అడిగాను.

"పెరుగు తోడు పెడతారు కదండి," అంది ఆమె. "మంచి తోడు వేస్తే పాలు పెరుగవుతాయి. వేయకుండా ఎండలో వదిలేస్తే ఏ పురుగో చేరి విరిగి కంపు కొడతాయి. పుట్టిన పిల్లల పేగు కూడా అంతే. లోపల ఏమీ ఉండదు. మొదట ఏ బ్యాక్టీరియా వచ్చి కూర్చుంటే దానిదే రాజ్యం. నెలలు నిండి మామూలుగా పుట్టిన పిల్లలకు ఆ తోడు తల్లి దగ్గరే పడుతుంది. మీ పాప తొందరపడింది, ఆపరేషన్‌తో వచ్చింది, రాగానే యాంటీబయాటిక్స్ ఇచ్చాం. ఇక మిగిలింది తల్లి పాలే. తోడూ అదే, ఆ మంచి బ్యాక్టీరియాకు తిండీ అదే."

"చెడ్డది కూసుంటే?"

"కూర్చోకూడదనే కదండి మన తంటా."

పాలు తొమ్మిది మిల్లీలీటర్లకు చేరిన ఉదయం చెడ్డదే కూర్చుంది. నేను వెళ్ళేసరికి పాప పొట్ట ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ, కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. సిరంజిలోకి పచ్చని నీళ్ళు వచ్చాయి. డైపర్‌లో నెత్తుటి చార ఉంది. డాక్టరమ్మ నన్నూ మా అల్లుణ్ణీ లోపలి గదికి పిలిచి ఎక్స్‌రే చూపించింది. పేగు గోడలో నురగ లాంటి చిన్న చిన్న బుడగలు. అది గాలి అనీ, పేగు వాచి గోడ దెబ్బతింటున్నదనీ, నెలలు నిండని పిల్లల్లో వచ్చే జబ్బేననీ చెప్పింది.

"చిల్లి పడితే ఆపరేషన్ చేయాలి. పడకపోతే మందులతో తగ్గొచ్చు. వారం పైన పొట్టలోకి చుక్క వెళ్ళకూడదు. సెలైన్ మీదే ఉంచుతాం. కానీ మదర్ మాత్రం పాలు తీయడం మానకూడదు. పేగు కోలుకున్నాక మళ్ళీ మొదలుపెట్టేది ఆ పాలతోనే. డబ్బా పాలు ఈ పేగు తట్టుకోలేదు."

"ఫ్రిజ్‌ల ఉన్న పాలు పనికి రావా మేడం?" అని అల్లుడు అడిగాడు.

"అవి పారబోస్తున్నామండి. ఇన్ఫెక్షన్ ఎటు నుంచి వచ్చిందో తెలియకుండా పాతవి వాడలేం."

నేను బయటికి వచ్చి అమ్మాయికి ఫోను చేశాను. ఉన్నదున్నట్టు చెప్పి, "పాలు తీసుడు మాత్రం బంద్ చెయ్యకు బిడ్డా," అన్నాను. అటు నుంచి "ఊ" అని మాత్రం వినిపించింది. అల్లుడు వాళ్ళమ్మకు ఫోను చేసి, పాప పొట్ట ఉబ్బిందనీ, పాలు పోయడం లేదనీ చెప్పాడు. ఆమె సిరిసిల్లలో ఉంటుంది. మగ్గం మీద బతికిన కుటుంబం, ఇప్పుడు చీరెల దుకాణం. ఫోను పెట్టేసిన వెంటనే బస్సెక్కింది.

మధ్యాహ్నం వియ్యపురాలు నేరుగా ఆసుపత్రికి వచ్చి, గాజులోంచి మనవరాలిని చూసి కళ్ళొత్తుకుంది. "నేను ఇంటికి పోయి కోడలి దగ్గర ఉంట వదినె, మీరు ఈడ ఉండుండ్రి," అంది. నాకు ఊరట కలిగింది. ఇంకో ఎక్స్‌రే తీసేదాకా కదలకూడదని నేను అక్కడే ఉండిపోయాను. సాయంత్రం వచ్చిన ఎక్స్‌రేలో బుడగలు పెరగలేదు, తగ్గలేదు. ఆ కబురు పట్టుకుని ఇంటికి బయలుదేరాను.

మా అంతస్తు మెట్లు ఎక్కుతుండగానే మల్లెపూల వాసన తగిలింది. తలుపు తీసింది వియ్యపురాలు.

"ఎట్లున్నది వదినె?"

"గట్లనే ఉన్నది. పెరగలేదన్నరు."

"గది సాలు ఇయ్యాల్టికి," అని ఆమె వంటింట్లోకి పోయింది.

గదిలో అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కిటికీ దగ్గర పంపు కడిగి పెట్టినది పెట్టినట్టే ఆరిపోయి ఉంది.

"పాలు తీసినవా?"

"ఎవలికి?" అంది అటే తిరిగి.

నాకు అర్థం కాలేదు. మంచం మీద కూర్చుని భుజం పట్టుకుని తిప్పాను. రవికె లోపల తెల్లని పాతగుడ్డ బిగించి కట్టి ఉంది. దాని అంచుల్లోంచి నలిగిన మల్లెపూలు బయటికి వచ్చాయి.

"ఎప్పుడు పోయింది అమ్మ? నాతోని దాయకు," అంది మా అమ్మాయి. ఏడవడం లేదు. అదే నన్ను భయపెట్టింది.

చదివేవారిలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. చంటిబిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టడం మా వైపు పాత ఆచారం. వ్యవసాయం చేసుకున్న మా ఇళ్ళలోనూ ఉంది, నేతపని చేసుకున్న వాళ్ళ ఇళ్ళలోనూ ఉంది. ఆ పని చేసేటప్పుడు ఎవరూ నోటితో ఏమీ చెప్పరు. పూలు తెచ్చి కడతారు, తల్లికి తెలిసిపోతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో ఒకసారి చూసింది. అందుకే ఆసుపత్రి నుంచి వచ్చిన అత్తగారు తనను తడిమి చూసి, బయటికి పోయి మల్లెపూలు తెస్తే, ఏమీ అడగకుండా, రెండు చేతులూ పైకెత్తి కట్టించుకుంది. పొద్దున నేను ఫోనులో చెప్పినదంతా తనను ఊరుకోబెట్టడానికి ఆడిన అబద్ధమనుకుంది.

"పాప బతికే ఉన్నది. ఇగో చూడు," అని ఫోనులో ఫొటో చూపించాను.

"గిది పొద్దుగాలది కావొచ్చు."

"సాయంత్రందే బిడ్డా."

"మరి అత్తమ్మ పూలెందుకు కట్టింది?"

వియ్యపురాలు గుమ్మంలో నిలబడి వింటున్నదని నాకప్పుడు తెలిసింది. ఆమె చేతిలో గిన్నె ఉంది.

"గా మాట నా మనసుల లేదు బిడ్డా," అంది ఆమె. "నేనొచ్చేసరికి నీ రొమ్ములు రాయి లెక్కున్నయి. జరమొచ్చి లేవలేక ఒణుకుతున్నవ్. తాగెటోళ్ళు లేనప్పుడు పాలు గడ్డకడితె ఎట్లుంటదో నాకెర్క. నా మొదటి కాన్పుకు మా అత్త గిట్లనే కట్టింది. నొప్పి తగ్గుతదని కట్టిన, గంతే."

మా అల్లుడి కంటే ముందు ఆమెకు ఒక బిడ్డ పుట్టి పోయిందని మాకెవరికీ తెలియదు. అత్తగారి మాట అమ్మాయి నమ్మింది గాని, పాప బతికి ఉందన్న మాట మాత్రం నమ్మలేదు. "నేను సూడాలె. ఇప్పుడే," అని మంచం దిగింది.

కుట్లు ఇంకా ఆరలేదు. ఆటో మాట్లాడుకుని ముగ్గురం బయలుదేరాం. ఆఫీసులు వదిలే వేళ. పంజాగుట్ట చౌరస్తా దగ్గర బండ్లు కదలడం లేదు. ఆటో ఆగినప్పుడల్లా అమ్మాయి దిగి నడుస్తానంటుంది. నేను చేయి పట్టుకుని ఆపుతున్నాను. వియ్యపురాలు డ్రైవరును "పక్క నుంచి పోనియ్యి భాయ్" అని బతిమాలుతోంది. అతను "బండ్ల మీదికెళ్ళి పోవాల్నా అమ్మా?" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

ఐసీయూలోకి తల్లినీ, తోడుగా నన్నూ రానిచ్చారు. అమ్మాయి గాజుపెట్టె ముందు నిలబడి, మూతికి అడ్డంగా కొంగు పెట్టుకుని, పాప పొట్టనే చూస్తూ ఉండిపోయింది. పొట్ట ఎత్తుగానే ఉంది, కానీ లేస్తూ పడుతూ ఉంది. అది కూడా ఆమెకు చాలలేదేమో. మానిటరు వైపు చూసింది, నా వైపు చూసింది. అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాస్త విసుగ్గానే అడిగింది.

"మదర్, పాలు ఏవి? పొద్దటి సంది ఒక్క డబ్బా రాలే. ఫ్రీజర్ల పెట్టాలె గద. పాపకు మల్ల మొదలు పెడితె ఏం పోస్తం మేము?"

నా మాటలు, ఫొటోలు చేయలేని పనిని ఆ విసుగు చేసింది. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. ఏడ్చుకుంటూనే పక్క గదిలోకి వెళ్ళి, కట్టిన గుడ్డ విప్పి, పూలన్నీ ఏరి డస్ట్‌బిన్‌లో వేసింది. ఆసుపత్రి పంపు పెట్టుకుని అరగంట కూర్చుంది. డబ్బా అడుగు కూడా తడవలేదు. నాలుగు చుక్కలు.

డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. మల్లెపూలు ఎంత పని చేశాయి, రోజంతా పాలు తీయకపోవడం ఎంత చేసింది, బెదురు ఎంత చేసిందని విడివిడిగా అడిగాను. ఎవరి వాటా ఎంతో నాకు తేలాలి. ఆమె తేల్చలేదు.

"పూల సంగతి నేను చెప్పలేనండి. ఖాళీ చేయకపోతే పాలు తగ్గిపోతాయి, అది మాత్రం నిజం. ఇప్పుడు లెక్కలెందుకు? మళ్ళీ తెప్పించండి. పాప పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. బిడ్డను చూస్తూ తీస్తే త్వరగా వస్తాయి."

"రాకపోతే?"

"పాలబ్యాంకులో అడుగుదాం. దొరుకుతాయని హామీ ఇవ్వలేను."

మరునాడు పొద్దున నేను వియ్యపురాలితో మాట్లాడలేదు. కావాలని మానింది కాదు, నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే నమ్మకం లేదు. ఆమె అప్పటికే లేచి, పాలు పడతాయని వెల్లుల్లి దంచి, నెయ్యిలో వేయించి, జొన్నరొట్టె మీద వేసి కంచం నా ముందు పెట్టింది.

"నాతోని మాట్లాడకుంటె మాట్లాడకుండ్రి వదినె. గీ కంచం మాత్రం కోడలికి ఇయ్యుండ్రి. నేనిస్తె తినదేమో."

"పాలు ఆపొద్దని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది," అన్నాను నేను.

"ఎవలికి చెప్పింది? మీకు చెప్పింది. మీరు కోడలికి చెప్పిన్రు. నా కొడుకు పొట్ట ఉబ్బిందన్నడు, పాలు పోస్తలేరన్నడు. నాకెవలు చెప్పిన్రు?" అని, నా జవాబు కోసం ఆగకుండా పొయ్యి వైపు తిరిగింది. "అన్ని రాసుకుంటరు గద మీరు. గిది సుత రాసుకోండ్రి."

రాశాను.

ఆ కంచం తీసుకుని నేను గదిలోకి పోయేలోపు అమ్మాయే వచ్చి అత్తగారి పక్కన పీట వేసుకుని కూర్చుంది. తింటూ, "అత్తమ్మ, మీ మొదటి బిడ్డ ఆడపిల్లనా?" అని అడిగింది. వియ్యపురాలు అవునని తలూపి, ఇంకో రొట్టె వేసింది. ఆ విషయం మళ్ళీ మా మధ్య రాలేదు.

ఇక తిరుగుడు ముగ్గురిదీ అయింది. పొద్దున మొదటి రైలుకే పోయేవాళ్ళం. అమ్మాయి పాప పక్కన కుర్చీలో పంపు పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు తలుపు సందులోంచి చూసిన వియ్యపురాలు, "బర్లకు పెట్టే మిషిను గద ఇది, మనుషులకు సుత ఒచ్చిందా?" అంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. లోపల మా అమ్మాయి కూడా నవ్విందని తరువాత నర్సు చెప్పింది. ఇంటికి వచ్చాక వియ్యపురాలు వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కోడలి వీపుకు కాపడం పెట్టేది. మెంతులు నానబెట్టేది. నాకు నిలకడ లేదు. గిన్నెలు తోమినవే మళ్ళీ తోమేదాన్ని, మంచుదిమ్మలు గడ్డకట్టాయో లేదో ఫ్రిజ్ తెరిచి తెరిచి చూసేదాన్ని. "మాటిమాటికి తెరిస్తె ఎట్ల గడ్డకడతది వదినె," అని ఆమె ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

చుక్కలు రెండు మిల్లీలీటర్లయ్యాయి. మరునాడు ఐదు. ఆ తరువాత ఒకరోజు పదకొండు, దాని మర్నాడు ఎందుకో ఆరే. డైరీలో రెండు వరుసలు గీసుకున్నాను. ఒకటి తల్లి ఇచ్చింది, రెండోది పాప తాగింది. మొదటి వరుస తడబడుతూ పెరుగుతుంటే రెండో వరుస అంతా సున్నాలే. ముందు పాప ఉండి పాలు లేవేమోనని భయపడ్డాను. ఇప్పుడు ఫ్రీజరులో డబ్బాలు చేరుతున్నకొద్దీ, వీటిని తాగే మనిషి మిగులుతుందా అన్న ఇంకో భయం మొదలైంది. ఎక్స్‌రేలో బుడగలు ముందు తగ్గాయి, తరువాత కనిపించలేదు. పొట్ట మెత్తబడింది. చిల్లి పడలేదు. అయినా డాక్టరమ్మ తొందరపడలేదు. ఇంకా ఆగాలంది, ఆ పైన ఇంకొక రోజు ఆగాలంది.

మళ్ళీ మొదలుపెట్టిన పొద్దున నర్సు సిరంజిలోకి ఒక మిల్లీలీటరు తీసింది. ఆ తెల్లారే తీసిన మా అమ్మాయి పాలు. గొట్టంలోంచి అవి దిగడం నేను గాజులోంచి చూశాను. రెండు గంటల తరువాత వెనక్కి లాగితే కొంచెం తెల్లగా తిరిగి వచ్చింది. పచ్చగా కాదు. "ఫరవాలేదు," అంది డాక్టరమ్మ. "పేగు కింద దాకా కదిలితేనే నాకు ధైర్యం. డైపర్ చూద్దాం."

అప్పటి నుంచి మా ఇద్దరికీ అదే పని. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వియ్యపురాలు లేచి, "చేసిందా బిడ్డా?" అని నర్సును అడిగేది.

"లేదు అమ్మమ్మ."

"అమ్మమ్మ ఆమె. నేను నాయనమ్మను."

"లేదు నాయనమ్మ."

ఆ రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం దాకా అదే జవాబు. పొట్ట మళ్ళీ కొద్దిగా ఎత్తుగా కనిపిస్తోందని నాకు అనిపించింది. చూసి చూసి కళ్ళకే అలా తోచిందో, నిజంగానే ఉబ్బిందో తేల్చుకోలేక లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండిపోయాను. నర్సును కొలవమన్నాను. ఆమె టేపు పెట్టి కొలిచి, పొద్దటంతే ఉందంది. ఇంకోసారి కొలవమన్నాను.

రెండోసారి కొలవడానికి పాప కాళ్ళు ఎత్తిన నర్సు అలాగే ఆగింది. "నాయనమ్మను సుత పిలువుండ్రి," అంది.

తల్లి గాక ఒకరిని మించి రానివ్వకూడదన్న నియమం పక్కన పెట్టి మమ్మల్ని ఇద్దరినీ దగ్గరికి రానిచ్చింది. డైపర్ విప్పి చూపించింది. బొటనవేలి గోరంత పసుపు రంగు.

"మంచి పసుపు ముద్ద లెక్కున్నది," అంది వియ్యపురాలు.

నేను నర్సును వెలుతురు వైపు తిప్పమన్నాను. ఆమె తిప్పింది. అంచులు చూశాను, మధ్యలో చూశాను. ఎరుపు ఎక్కడా లేదు. డాక్టరమ్మ వచ్చి తానూ చూసి, పొట్ట మీద వేళ్ళు ఆనించి, స్టెతస్కోపు పెట్టి విన్నది.

"కదులుతోంది. రేపటి నుంచి రెండు మిల్లీలీటర్లు ఇద్దాం."

"రెండేనా డాక్టరమ్మ?" అంది వియ్యపురాలు. "మూడు పెట్టుండ్రి."

"రెండేనండి. తొందరేంటి?"

"మూడు ఎప్పుడు పెడ్తరు?" అని నేనడిగాను. "ఇవాళ్టి పాలు ఎన్ని గంటల వరకు నిలవ ఉంటయి? రాత్రికి ఇంటి నుంచి ఎన్ని తేవాలె?"

డాక్టరమ్మ జవాబు చెప్పేలోపు మా అమ్మాయి కుర్చీని గాజుపెట్టెకు మరింత దగ్గరగా లాక్కుంది. సంచిలోంచి పంపు తీసి, గొట్టం బిగించుకుంటూ, పాప మీంచి చూపు తిప్పకుండానే అంది.

"అమ్మ, అత్తమ్మ, మీరిద్దరు జర బయటికి పోండ్రి. నాకు పనున్నది."